పరీక్షలో పాసైన తెలుగు తెర మీద తెగిపోతోంది

గౌరవనీయులైన సంపాదకులకు,

మొబైల్ యాప్‌లలో తెలుగు అక్షరాలు సగానికి తెగిపోతున్నాయని, బటన్ల మీద మాటలు మూడు చుక్కలతో ఆగిపోతున్నాయని, తెలుగు ఎంచుకున్నా నడుమ నడుమ ఇంగ్లీషు వాక్యాలు ఊడిపడుతున్నాయని మీ లేఖల శీర్షికలో పాఠకులు అప్పుడప్పుడు రాస్తున్నారు. వారిలో చాలామంది నేరాన్ని అనువాదకుల మీదికి నెడుతున్నారు. బెంగళూరులో మొబైల్ యాప్‌ల ఆటోమేషన్ టెస్టింగ్ పని చేసుకుంటున్నవాడిగా నాకు తోచేది వేరు. అనువాదం శుభ్రంగా ఉన్న చోట కూడా ఈ తప్పులు జరుగుతున్నాయి. జరిగినవి బయటపడకుండానే రిలీజులు దాటిపోతున్నాయి. తెర మీది అక్షరాలను సరిచూస్తున్నామని మేము చెప్పుకునే పరీక్షలు నిజానికి తెరను చూడకపోవడమే దీనికి కారణం. మా రంగంలో ఇది తెలియనివారు తక్కువ, బయటివారికి విడమరచి చెప్పేవారు ఇంకా తక్కువ. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

యాప్‌కు కొత్త బిల్డు, అంటే మార్పులు చేర్చిన కొత్త కూర్పు, తయారైన ప్రతిసారీ, సాధారణంగా రాత్రివేళ, మనిషి ప్రమేయం లేకుండా వందల పరీక్షలు వాటంతట అవే నడుస్తాయి. స్క్రిప్టు, అంటే చేయవలసిన పనులను వరుసగా రాసిపెట్టిన ఆదేశాల పట్టిక, యాప్‌ను తెరుస్తుంది, లాగిన్ అవుతుంది, బటన్లు నొక్కుతుంది, ఒక చోట రావలసిన వాక్యం వచ్చిందో లేదో చూసి పాస్ అనో ఫెయిల్ అనో రాసిపెడుతుంది. ఈ స్క్రిప్టులను నడిపే సాధనాలుగా ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ ఇచ్చిన ఎస్ప్రెస్సో, యూఐ ఆటోమేటర్ ఉన్నాయి. ఐఫోన్లకు ఆపిల్ ఇచ్చిన ఎక్స్‌సీయూఐటెస్ట్ ఉంది. రెండు రకాల ఫోన్లనూ ఒకే తీరు ఆదేశాలతో నడిపించడానికి, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఆపియం ఉంది. స్క్రిప్టు చూస్తుందని అన్నాను గాని, వీటిలో ఏదీ మామూలుగా మనం చూసినట్టు చూడదు. ఆపియం గాని యూఐ ఆటోమేటర్ గాని చదివేది ఆపరేటింగ్ సిస్టమ్ కట్టి ఇచ్చే ఒక జాబితాను. ఈ పేజీలో ఫలానా అంశాలున్నాయి, వాటి లోపలి అక్షరాలు ఇవి, ఒక్కొక్కటి తెర మీద ఈ మూల నుంచి ఆ మూల దాకా ఉంది అని ఆ జాబితా చెబుతుంది. అది పుట్టింది మా పరీక్షల కోసం కాదు, చూపులేనివారికి తెర మీది విషయాన్ని చదివి వినిపించే టాక్‌బ్యాక్ వంటి సౌకర్యాల కోసం. ఎస్ప్రెస్సో మాత్రం యాప్ లోపలే కూర్చుని దాని నిర్మాణాన్ని నేరుగా చదువుతుంది. ఏ దారిన వెళ్ళినా చేతికి అందేది యాప్ చూపించదలచిన వాక్యమే గాని, గాజు మీద పడిన వాక్యం కాదు. స్పీడ్ పోస్టు రసీదు చేతిలో పెట్టుకుని ఉత్తరం అవతలివారికి అందిందని రాసుకోవడం లాంటిది ఇది.

దీని ఫలితాలు ఊహించడం కష్టం కాదు. గడి వెడల్పు చాలక వాక్యం చివర మూడు చుక్కలు పడితే, స్క్రిప్టు అడిగినప్పుడు మాత్రం పూర్తి వాక్యమే వస్తుంది. పరీక్ష పాస్ అవుతుంది. డార్క్ మోడ్‌లో రంగు మార్చడం మరచిపోయి నల్లటి తెర మీద నల్లటి అక్షరాలు పడినా పాస్ అవుతుంది. పక్కనున్న మరో పెట్టె వచ్చి వాక్యం మీద కూర్చున్నా పాస్ అవుతుంది. ఎస్ప్రెస్సోలో "కనిపిస్తోందా" అని అడిగే తనిఖీ ఒకటుంది. ఆ అంశంలో కొంత భాగం తెర మీద ఉన్నా అది అవుననే చెబుతుంది. "పూర్తిగా కనిపిస్తోందా" అని అడిగే కఠినమైన తనిఖీ కూడా ఉంది గాని, అది చెప్పేది పెట్టె సంగతే, పెట్టెలోని అక్షరాల సంగతి కాదు. ఫలితంగా చూపులేని వినియోగదారునికి టాక్‌బ్యాక్ పూర్తిగా చదివి వినిపించే వాక్యం చూపున్న వినియోగదారునికి సగమే కనిపిస్తుంది, రెండో సంగతి పరీక్ష నివేదికలో ఎక్కడా ఉండదు.

ఈ లోపం అన్ని భాషలకూ ఉన్నదే. తెలుగుకు మాత్రం ఇది మరింత ప్రమాదకరం, ఎందుకంటే మన వాక్యంలో అసలు విషయం చివర ఉంటుంది. క్రియ చివర వస్తుంది, ఆ క్రియకు కూడా చివరనే "వద్దు", "లేదు" వంటివి చేరి అర్థాన్ని తలకిందులు చేస్తాయి. ఒక చెల్లింపుల యాప్‌లో "ఆటోపే రద్దు చేయండి", "ఆటోపే రద్దు చేయవద్దు" అని రెండు బటన్లు పక్కపక్కన ఉన్నాయనుకోండి. బటన్ వెడల్పును ఇంగ్లీషు మాటను చూసి నిర్ణయించారు గనుక రెండూ "ఆటోపే రద్దు చేయ…" దగ్గర ఆగుతాయి. "అంగీకరిస్తున్నాను", "అంగీకరించను" అనే రెండూ "అంగీకరి…" అయిపోతాయి. చదివేవారికి రెండు బటన్లూ ఒక్కటే. స్క్రిప్టుకు మాత్రం రెండూ వేర్వేరు వాక్యాలుగా, తప్పులేకుండా, పూర్తిగా దొరుకుతాయి. ఇంగ్లీషులో వాక్యం తోక తెగినా కాదనే మాట ముందే వచ్చి ఉంటుంది కాబట్టి అక్కడ ఇది చాలాసార్లు చిన్న లోపంగానే మిగులుతుంది. అదే బగ్ తెలుగు తెర మీద డబ్బుకు సంబంధించిన లోపం. మా బగ్‌ల పట్టికల్లో ఈ రెంటికీ ఒకే తీవ్రత రాయడం నాకు ఎప్పుడూ సమ్మతం కాలేదు.

వెడల్పు సంగతి ఇలా ఉంటే ఎత్తు సంగతి మరొకటి. రోమన్ అక్షరాలకు సరిపోయేలా గడి ఎత్తును బిగించి కట్టినప్పుడు, తెలుగులో పైన గుడి, ఏత్వం వంటి గుర్తులకు, కింద ఒత్తులకు చోటు చాలదు. "లక్ష్మి"లో కిందికి దిగే ఒత్తులు, "స్త్రీ"లో తకారం, రకారం గడి అంచున కోసుకుపోతాయి. "వడ్డీ" అన్న మాటలో ఒత్తు తెగితే "వడీ" మిగులుతుంది. ఆండ్రాయిడ్ తయారుచేసేవారికి ఇది తెలియనిది కాదు. ఇలాంటి పొడవైన లిపుల కోసం అక్షరాలకు తగినంత ఎత్తు ఇచ్చే ఒక అమరికను 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నాటికే ఇచ్చారు. కానీ యాప్ రాసేవారు దాన్ని తామై ఆన్ చేయాలి. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 నుంచి, ఆ వెర్షన్‌ను లక్ష్యంగా పెట్టుకుని తయారైన యాప్‌లకు అది దానంతట అదే ఆన్ అయ్యేలా మార్చారు. ఈ మార్పు ప్రభావం పడే లిపులలో తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం కూడా ఉన్నాయి. మంచి మార్పే, అయితే పాత లక్ష్యంతో తయారైన యాప్‌లకూ, పాత ఫోన్లకూ దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా గడి ఎత్తును బిగించిన చోట అక్షరాలకు ఎక్కువ ఎత్తు ఇస్తే, ఇదివరకు సరిగ్గా ఉన్న పేజీలు కూడా అటూ ఇటూ జరిగే వీలుంది. అంటే పరీక్ష అవసరం తగ్గలేదు, పెరిగింది.

దీనికి తోడు పెద్ద అక్షరాల అమరిక ఒకటుంది. 2023 నాటి ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాల పరిమాణాన్ని 200 శాతం దాకా పెంచుకోవచ్చు. మన ఇళ్ళలో తెలుగు తెరను నిజంగా కోరుకునేవారు ఎవరు? ఎక్కువగా పెద్దవాళ్ళు, అందునా అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్ళు. పరీక్షలు మాత్రం కొత్త ఎమ్యులేటర్ మీద, అంటే కంప్యూటర్లో నడిచే నకిలీ ఫోను మీద, మామూలు అక్షరాల పరిమాణంతో, ఇంగ్లీషులో నడుస్తాయి. తెలుగు యాప్‌ను ఎవరు ఏ స్థితిలో వాడతారో ఆ స్థితిలో తప్ప మిగతా అన్ని స్థితుల్లోనూ దాన్ని పరీక్షిస్తున్నామన్నమాట.

ఇప్పుడు పోలిక సంగతికి వస్తాను. తప్పును ఒప్పుగా చూపించడం ఒక రకమైతే, ఒప్పును తప్పుగా చూపించడం ఇంకో రకం. మొదటిది రెండో దాని నుంచే పుడుతుందని నా అభిప్రాయం. యంత్రానికి రెండు వాక్యాలు సమానం కావాలంటే అవి కంటికి ఒకేలా కనిపిస్తే చాలదు, లోపలి సంకేతాలు ఒక్కొక్కటిగా కలవాలి. ఆ సంకేతాలను నిర్ణయించే ప్రమాణం పేరు యూనికోడ్. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా దాచవచ్చు, లేదా ఎత్వం, దాని కింద మరో గుర్తు అని రెండుగానూ దాచవచ్చు. నియమం ప్రకారం రెండూ సమానమే, కానీ ముందుగా ఒకే రూపానికి మార్చుకోకుండా పోల్చిన స్క్రిప్టుకు రెండూ వేర్వేరు. "సాఫ్ట్‌వేర్" వంటి మాటల్లో పొల్లు తర్వాత ఒత్తు పడకుండా ఆపడానికి వాడే కనిపించని విభజన గుర్తు ఒకటుంది. కొన్ని కీబోర్డులు దాన్ని "బ్యాంక్" వంటి మాటల చివర కూడా వదిలేస్తాయి. చూడడానికి తేడా ఉండదు, పోలిక తప్పుతుంది. ఇది ఒక్క తెలుగు బాధ కూడా కాదు. భాషల వారీ తేదీ, సమయ రూపాలను నిర్ణయించే సీఎల్‌డీఆర్ అనే ఉమ్మడి భాండాగారం 2022 అక్టోబరు నాటి 42వ వెర్షన్‌లో, ఇంగ్లీషు సమయంలో ఏఎం, పీఎంలకు ముందున్న మామూలు ఖాళీని, విరగని సన్న ఖాళీగా మార్చింది. 2023 మార్చిలో వచ్చిన, జావా అనే ప్రోగ్రామింగ్ భాష 20వ వెర్షన్ దాన్ని తీసుకోగానే, తెర మీద ఏమీ మారకుండానే, సమయాన్ని అక్షరాలా పోల్చే పరీక్షలు విరిగాయి.

ఇలా అకారణంగా ఫెయిల్ అయ్యే పరీక్షలు రోజూ ఉదయం కనిపిస్తుంటే జట్టు ఏం చేస్తుందో చెప్పనవసరం లేదు. "సమానమా" అనే తనిఖీని తీసేసి "అందులో ఉందా" అనే తనిఖీ పెడతారు. పని త్వరగా తెమిలిపోతుంది, నివేదిక పచ్చబడుతుంది. మొదటికే మోసం వచ్చేది ఇక్కడే. ఖాతా నిల్వ 1,000 రూపాయలు చూపించాలని స్క్రిప్టు వెతుకుతుంటే, తెర మీద 11,000 ఉన్నా, 21,000 ఉన్నా, వాటిలో "1,000" అన్న అక్షరాల వరుస ఉంది గనుక పాస్ అయిపోతుంది. "లావాదేవీ విజయవంతం" అన్న మాటల కోసం వెతికే స్క్రిప్టు "లావాదేవీ విజయవంతం కాలేదు" అన్న తెరను చూసి సంతోషిస్తుంది. మళ్ళీ మన కాదనే మాట చివరనే ఉండటం వల్ల వచ్చిన చిక్కు. కనిపించని గుర్తులను ముందుగా తీసివేసి, ఐత్వం వంటివాటిని ఒకే రూపానికి తెచ్చి, ఆ తర్వాత పూర్తి సమానత్వాన్నే అడగడం సరైన పని. దీనికి కావలసింది కొన్ని వరుసల కోడు, ఎవరో ఒకరి పట్టుదల; రెండోదే దొరకడం కష్టం.

మరో అలవాటు ఇంతకన్నా నిశ్శబ్దంగా హాని చేస్తుంది. ఆండ్రాయిడ్ యాప్‌లో తెర మీది వాక్యాలన్నీ ఒక ఫైలులో ఉంటాయి, భాషకు ఒక ఫైలు. తెలుగు ఫైలులో ఒక వాక్యం లేకపోతే ఫోను గొడవ చేయదు, మూల ఫైలులోని ఇంగ్లీషు వాక్యాన్ని తీసి చూపిస్తుంది. తెలుగు తెర మధ్యలో ఇంగ్లీషు ఊడిపడటానికి చాలాసార్లు కారణం ఇదే. చాలా పరీక్షల్లో, రావలసిన వాక్యం ఏమిటో స్క్రిప్టు కూడా అదే ఫైలు నుంచి, అదే దారిలో తీసుకుంటుంది. యాప్ ఇంగ్లీషు చూపిస్తే, పరీక్ష కూడా ఇంగ్లీషునే ఆశిస్తుంది. ఇద్దరూ కలిసి తప్పు చేసి, ఇద్దరూ కలిసి పాస్ అవుతారు. ఆ ఫైలుతో సంబంధం లేకుండా, తెలుగు తెలిసినవారు ఆమోదించిన వాక్యాల పట్టికను విడిగా ఉంచుకుని దానితో పోల్చకపోతే ఆ పరీక్షకు అర్థం లేదు. కొందరు దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు చేస్తారు: బటన్లను గుర్తుపట్టడానికే ఇంగ్లీషు మాటలను వాడతారు. భాష మార్చగానే స్క్రిప్టుకు ఒక్క బటనూ దొరకదు, వందల పరీక్షలు ఎర్రబడతాయి, అప్పుడు మేనేజరు తెలుగు పరీక్షలనే షెడ్యూలు నుంచి తీసేస్తాడు. బటన్‌ను పట్టుకోవడానికి దాని స్థిరమైన గుర్తింపును, అంటే ఐడీని వాడాలి; అక్షరాలను పరీక్షించవలసిన చోటే అక్షరాలను పరీక్షించాలి. ఈ రెండు పనులను విడదీయని సంస్థ బహుభాషా పరీక్షల గురించి మాట్లాడటం వృథా.

సర్వర్ నుంచి వచ్చే దోష సందేశాలు యాప్ ఫైళ్ళలో ఉండనే ఉండవు. వాటిని తెలుగులో చూసుకునేవారు దాదాపు లేరు.

తెరను నిజంగా చూసే పద్ధతులు లేవా అంటే, ఉన్నాయి. ఒకటి, స్క్రీన్‌షాట్ తీసి ముందే ఆమోదించి పెట్టుకున్న చిత్రంతో చుక్క చుక్కకూ పోల్చడం. గడియారం, బ్యాటరీ, ప్రకటనల వంటి మారే భాగాలను కప్పేసి పోలిస్తే ఇది బాగానే పనిచేస్తుంది. తెగిన ఒత్తు, చుక్కలైపోయిన మాట, ఒకదాని మీద ఒకటెక్కిన వాక్యాలు దీనికి దొరుకుతాయి. రెండోది, చిత్రంలోని అక్షరాలను యంత్రంతో చదివించడం. ఉచితంగా దొరికే టెసెరాక్ట్‌కు తెలుగు చదివే సామర్థ్యం ఉంది. దాని 4వ వెర్షన్ 2018లో వచ్చింది, పాత పద్ధతికి బదులు న్యూరల్ నెట్‌వర్క్ ఆధారంగా వరుసలను చదువుతుంది. అయినా చిన్న అక్షరాల తెలుగులో ఒత్తులను అది తడబడుతూనే చదువుతుంది గనుక దాని తీర్పును తుది తీర్పుగా తీసుకోలేం. మొత్తం వాక్యం కలవకపోయినా, ఆశించిన వాక్యానికి ఎంత దూరంలో ఉందో కొలిచి, దూరం ఎక్కువైన తెరలను మనిషి ముందు పెట్టడానికి అది చాలు. బ్యాంకు యాప్‌లతో ఒక చిక్కుంది: భద్రత కోసం స్క్రీన్‌షాట్‌ను అడ్డుకుంటాయి, చిత్రం నల్లగా వస్తుంది. పరీక్ష బిల్డులో మాత్రమే ఆ అడ్డును తీసి పెట్టడం దీనికి మార్గం. భద్రతా విభాగం ఒప్పుకోవాలి, సహేతుకంగా అడిగితే ఒప్పుకుంటుంది.

చిత్రాల పోలికలో అసలు ప్రశ్న సాంకేతికమైనది కాదు. ఆ మొదటి చిత్రాన్ని ఎవరు ఆమోదించారు? తెలుగు చదవడం రాని వ్యక్తి, తెరను చూసి, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి కదా అని ఆమోదిస్తే, ఆనాటి నుంచి ఆ తప్పే ప్రమాణం. దాన్ని ఎవరైనా సరిదిద్దితే పరీక్ష ఫెయిల్ అవుతుంది! నవ్వు వచ్చే విషయమేమిటంటే ఇది జరుగుతున్నది బెంగళూరులో. మారతహళ్ళిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో ఏ ఆఫీసు క్యాంటీన్‌కు వెళ్ళినా నాలుగు బల్లలకు ఒక బల్ల దగ్గర తెలుగు వినిపిస్తుంది. పక్క సీటులో కూర్చున్న గుంటూరు అమ్మాయినో, అనంతపురం అబ్బాయినో ఒక్క పది నిమిషాలు పిలిచి చూపించుకోవచ్చు. ఎవరూ పిలవరు, ఎందుకంటే ప్రక్రియలో ఆ అడుగు రాసి లేదు. ఒత్తులు కింద వేలాడే లిపి కన్నడానికీ ఉంది కనుక కన్నడ సహోద్యోగులదీ ఇదే బాధ. సొంత నగరంలో తయారయ్యే యాప్‌లలోనే తమ లిపి తెగి కనిపించడం వారికి మనకన్నా ఎక్కువ కష్టం కలిగిస్తుంది.

అక్షరాలు గీసే పని ఎంత సున్నితమైనదో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. తెలుగు "జ్ఞా"ను, మధ్యలో కనిపించని విభజన గుర్తుతో కలిపి పంపితే, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలింది. ఆపిల్ అదే నెల 19న 11.2.6ను విడుదల చేసి సరిదిద్దింది. అప్పట్లో దీన్ని వింతగా చెప్పుకుని వదిలేశారు. నా దృష్టిలో అది వింత కాదు. లిపిని గీసే భాగం కూడా ఒక ప్రోగ్రామే, దానిలోనూ బగ్‌లుంటాయి, తెలుగు వాక్యాలతో నడిపి చూడని పరీక్షకు అవి దొరకవు.

ఇదంతా సౌందర్యానికి సంబంధించిన గొడవని ఎవరైనా అంటే, రెండు నిబంధనలను గుర్తు చేస్తాను. రుణాలకు సంబంధించిన ముఖ్యాంశాల పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని, దానిలోని విషయాలను వివరించి, అర్థమైందన్న ధ్రువీకరణ తీసుకోవాలని రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఉత్తర్వు ఇచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే కొత్త రిటైల్ రుణాలకు, చిన్న పరిశ్రమల టర్మ్ రుణాలకు ఇది వర్తిస్తుంది. వార్షిక వడ్డీ శాతం, రుసుములు ఉండేది ఆ పత్రంలోనే. ఇక 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సమ్మతి కోరే నోటీసును ఇంగ్లీషులో గాని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా గాని చదువుకునే వీలు కల్పించాలంటోంది. తెలుగు ఆ షెడ్యూలులో ఉంది. ఫోను తెర మీద రుసుముల వరుస సగం తెగిపోయి, "అంగీకరి…" అన్న బటన్ మీద వేలు పడితే, ఆ పత్రం అర్థమయ్యే భాషలో ఇచ్చినట్టేనా? ఇవ్వలేదనే నేను అంటాను. ఫైలులో పూర్తి వాక్యం ఉందన్నది సంస్థ తనకు తాను చెప్పుకోగల సమాధానం మాత్రమే. నియంత్రణ సంస్థల తనిఖీలో, యాప్ భాషల జాబితా చూసి సంతృప్తి చెందకుండా, ప్రతి భాషలోనూ డబ్బుకు, సమ్మతికి సంబంధించిన తెరల చిత్రాలను, అవి పెద్ద అక్షరాలతోనూ తీసినవి, అడగాలని నా సూచన.

ఖర్చు ఎక్కువవుతుందన్న అభ్యంతరం నాకు తెలుసు, అందులో కొంత న్యాయముంది కూడా. చిత్రాల పోలికలు నెమ్మదిగా నడుస్తాయి, ఫోను మారితే చిత్రమూ మారుతుంది. రెండు సెకన్లో మూడున్నర సెకన్లో కనిపించి మాయమయ్యే టోస్ట్ సందేశాన్ని చిత్రంలో పట్టుకోవడం ఒక ప్రహసనం. అందుకే యాప్‌లోని ప్రతి పేజీకీ ఇది చేయమని ఎవరినీ కోరను. డబ్బు పంపే తెర, రుణం షరతులు, సమ్మతి, రద్దు, దోష సందేశాలు, ఇవి చాలు. మిగతా వాటికి చవకైన ఉపాయాలున్నాయి. వాక్యం చివర ఎన్ని అక్షరాలు చుక్కలపాలయ్యాయో ఆండ్రాయిడ్‌ను నేరుగా అడగవచ్చు, ఆ సంఖ్య సున్నా కాకపోతే పరీక్షను ఫెయిల్ చేయవచ్చు; పెద్దగా శ్రమ లేని ఈ ఒక్క తనిఖీని చాలామంది వాడరు. తెలుగు వాక్యాలు ఇంకా సిద్ధం కాకముందే, ఇంగ్లీషు వాక్యాలను కావాలని సాగదీసి చూపించే నకిలీ భాష ఒకటి ఆండ్రాయిడ్‌లో ఉంది. గడి వెడల్పు చాలదని అది డిజైన్ దశలోనే బయటపెడుతుంది, కింది ఒత్తుల సంగతి మాత్రం చెప్పదు. దానికి నిజమైన తెలుగే కావాలి, చవక ఫోను ఒకటి కావాలి, రిలీజుకు ఒక్కసారైనా చదివే మనిషి కావాలి.

పాఠకులకు ఒక మనవి. యాప్‌లో తెలుగు బాగోలేదని మాత్రమే రాసిన ఫిర్యాదు మా దాకా వచ్చేసరికి "మా దగ్గర సరిగ్గానే ఉంది" అన్న జవాబుతో మూసుకుపోతుంది, ఎందుకంటే మామూలు పరిమాణంలో, మా ఎమ్యులేటర్‌లో అది నిజంగానే సరిగ్గా ఉంటుంది. ఫోను మోడల్, ఆండ్రాయిడ్ లేదా ఐఓఎస్ వెర్షన్, యాప్ వెర్షన్, సెట్టింగ్స్‌లో అక్షరాల పరిమాణం ఎంత పెట్టుకున్నారు, తెలుగును ఫోనంతటికీ ఎంచుకున్నారా, ఆ యాప్‌కు మాత్రమేనా అన్నవి రాసి, స్క్రీన్‌షాట్ జత చేస్తే, అదే స్థితిని మేము తిరిగి తెప్పించి చూడగలం. తిరిగి తెప్పించగలిగిన బగ్‌ను మూసేయడం అంత సులువు కాదు. స్క్రీన్‌షాట్‌ను అడ్డుకునే బ్యాంకు యాప్ అయితే మరో ఫోనుతో ఫొటో తీసి పంపవచ్చు. ఖాతా నంబరు, ఫోను నంబరు, నిల్వ కనిపించే చోట్లను మాత్రం పంపే ముందు చెరిపేయాలి.

భవదీయుడు,
మొబైల్ టెస్టింగ్ ఇంజనీరు,
మారతహళ్ళి, బెంగళూరు